నాన్నతో కోన్‌స్టైన్ కొండ లోపలికి: డోరా సొరంగాలు చూసొచ్చిన నా అనుభవం

జర్మనీలోని నార్డ్‌హౌజెన్‌లో మాస్టర్స్ చేస్తున్న తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపులో ప్రతి సెమిస్టర్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "డోరా సొరంగాలకు ఎవరైనా వెళ్లారా? టికెట్ ఎంత? ఇంగ్లీషులో చెప్తారా?" డోరా అంటే ఈ ఊరి పక్కనున్న కోన్‌స్టైన్ కొండ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఖైదీల చేత వీ-2 అనే యుద్ధ రాకెట్లు చేయించిన నిర్బంధ క్యాంపు; ఇప్పుడక్కడ మెమోరియల్, మ్యూజియం ఉన్నాయి. జవాబులు అరకొరగా వస్తాయి. కాసేపటికి మాట ఎవరి రూమ్ ఖాళీ అవుతోందో దాని మీదకు పోతుంది. మొన్న జూన్‌లో మా నాన్నను తీసుకుని వెళ్లొచ్చాను కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. టికెట్ సంగతి ఇప్పుడే చెప్పేస్తా: లేదు. మ్యూజియానికీ, మేం వెళ్లిన టూర్‌కీ ఒక్క యూరో కూడా అడగలేదు. విరాళాల డబ్బా ఉంటుంది, తోచింది వేయొచ్చు. ఇంత రాయాల్సి వస్తున్నది మిగతా సంగతుల కోసం.

మాది సూళ్లూరుపేట. నాన్న శ్రీహరికోట షార్‌లో టెక్నీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. చాలా ఏళ్లు పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఇంధనం నింపే టీమ్‌తో పనిచేశాడు. ప్రయోగం ఉన్న రోజు మా వీధిలో అందరూ మేడల మీదకు ఎక్కేవాళ్లు, నాన్న మాత్రం ఇంట్లో ఉండేవాడు కాదు. మా ఇంట్లో రాకెట్ అంటే మా బియ్యం, మా స్కూలు ఫీజు, చివరికి జర్మనీ వీసా కోసం నా పేరున బ్యాంకులో చూపించిన బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కూడా.

మే నెలాఖరులో అమ్మానాన్నా నా దగ్గరకు వచ్చారు. వచ్చిన వాళ్లంతా ముందు పారిస్ ఎప్పుడు, స్విట్జర్లాండ్ ఎప్పుడు అంటారు కదా, నాన్న విమానం దిగిన మర్నాడే, ఇంకా జెట్‌లాగ్ కూడా తీరకుండానే, "వీ-2 తయారుచేసింది మీ ఊళ్లోనే కదమ్మా? లోపలికి పోనిస్తారా?" అన్నాడు.

ఆయనకు వీ-2 గురించి నోటికి వచ్చు. పొడవు 14 మీటర్లు, బరువు పన్నెండున్నర టన్నులు, ఆల్కహాల్‌తో ద్రవ ఆక్సిజన్, టర్బోపంపు. ప్రపంచంలో మొదటి పెద్ద ద్రవ ఇంధన రాకెట్. దాని రూపకర్త వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఫోటో ఒకటి మా ఇంట్లో పాత డైరీలో ఇప్పటికీ ఉంది. ఖైదీల చేత చేయించారన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. కానీ తెలిసింది "యుద్ధంలో జైల్లో ఉన్నోళ్ల చేత పని చేయించార్లే" అన్నంత వరకే. నేనేమో ఇక్కడికొచ్చిన మొదటి ఏడాదే మ్యూజియం చూశాను. సొరంగంలోకి మాత్రం వెళ్లలేదు. వెళ్లాలనిపించలేదు. అందుకే నాన్న అడగ్గానే టెన్షన్ మొదలైంది.

మే 27న మెమోరియల్ వాళ్లకు మెయిల్ పెట్టాను. వారం లోపే చక్కగా జవాబిచ్చారు. సొరంగంలోకి సొంతంగా వెళ్లడానికి లేదు, గైడ్‌తోనే వెళ్లాలి. రోజూ ఉండే టూర్లు జర్మన్‌లో. ఇంగ్లీషు గైడ్ కావాలంటే గ్రూపుగా ముందే మాట్లాడుకోవాలి, దానికి రుసుము వేరు. ఒకరిద్దరే అయితే బుకింగ్ అక్కర్లేదు, టైముకు మ్యూజియం దగ్గరుంటే చాలు. గ్రూపు కడదామంటే పరీక్షల సీజన్, ఎవరూ దొరకలేదు. అమ్మను అడిగితే, "అంత మంది చచ్చిపోయిన చోటు చూడ్డానికా నేను సముద్రాలు దాటి వచ్చింది? మీరెళ్లి రండి" అంది. ఇక మిగిలింది ఒకటే దారి. జర్మన్ టూర్‌కే వెళ్లి, నాన్న పక్కన నిలబడి నేను తెలుగులో చెప్పాలి.

నా జర్మన్ బీ2, అంటే మధ్యస్థాయి కంటే కాస్త పైన. ఇన్సూరెన్స్ వాళ్లతో పోట్లాడటానికి సరిపోతుంది. దీనికి సరిపోతుందో లేదో నమ్మకం లేక, ఆ వారమంతా సాయంత్రాలు ఆ క్యాంప్ గురించి జర్మన్‌లో ఉన్నవి చదువుతూ కూర్చున్నాను. ఇక్కడో మాట. మీరు కూడా ఎవరికైనా చెప్పాలనుకుంటే ముందే చదివి పెట్టుకోండి. అక్కడికక్కడ విని చెప్పడం వేరు, ముందే తెలిసి చెప్పడం వేరు. ముందే తెలిస్తే మన గొంతు మన అదుపులో ఉంటుంది.

జూన్ 14, శనివారం బయల్దేరాం. బయట ఎండ మండిపోతోంది. నాన్న చేతిలో మాత్రం స్వెటరూ మంకీ క్యాప్. కొండ లోపల వేసవైనా చలికాలమైనా 8 డిగ్రీలే ఉంటుందని నేనే చెప్పాను. ట్రామ్ ఎక్కకముందే ఆయన క్యాప్ పెట్టేసుకున్నాడు. షార్ట్స్ వేసుకున్న జర్మన్ పిల్లలు ఆయన్ని చూసి నవ్వుకున్నారు. తర్వాత లోపల అదే షార్ట్స్ బ్యాచ్ లాంటి వాళ్లు వణుకుతుంటే నాన్న నా వైపు ఓ చూపు చూశాడు.

స్టేషన్ ముందు నుంచి ఇల్ఫెల్డ్ వైపు పోయే 10 నంబరు ట్రామ్ ఎక్కి, క్రిమ్డెరోడెలో దిగాలి. నాకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, అంటే లోకల్ రైళ్లకూ ట్రామ్‌లకూ బస్సులకూ పనికొచ్చే నెల పాసు; 2025లో అది నెలకు 58 యూరోలు ఉండేది. నాన్నకు విడిగా తీసుకున్నాను. ఈ ట్రామ్ గంటకొకటే, తప్పిపోతే అంతే సంగతులు. ఊళ్లో కరెంటు తీగతో నడిచి, ఊరు దాటే చోట డీజిల్ మీదకు మారి, హార్జ్ కొండల నారో గేజ్ పట్టాల మీద పోతుంది. ఇంజిన్ మారిన చప్పుడు నాన్న వెంటనే పట్టేశాడు. కిటికీలోంచి తీగ ఎక్కడ ఆగిపోయిందో తల బయట పెట్టినంత పని చేసి చూశాడు. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్న చివరి పావుగంట అదే.

క్రిమ్డెరోడె నుంచి మెమోరియల్‌కు నడక. మామూలుగా ఇరవై అయిదు నిమిషాలంటారు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నలభై వేసుకోండి. దారిలో కొట్లు లేవు, నీళ్లు వెంట ఉండాలి. ఇళ్లు, తోటలు, గులాబీలు. ఎడంపక్కన పచ్చగా, పెద్ద ఎత్తేం లేని కొండ. అదే కోన్‌స్టైన్. చూస్తే దాని లోపల ఏదో ఉందని ఎవరూ అనుకోరు. 1943లో జర్మన్లకు కావాల్సింది కూడా అదే.

కొండను తవ్వడం అంతకుముందే మొదలైంది. 1936 నుంచి ఇంధనం, నూనెలు దాచడానికి ఒక ప్రభుత్వ సంస్థ సొరంగాలు తవ్విస్తూ వచ్చింది. 1943 ఆగస్టు 17 రాత్రి బ్రిటిష్ విమానాలు బాల్టిక్ తీరంలోని పీనెముండెను, అంటే ఫాన్ బ్రౌన్ బృందం రాకెట్లు చేస్తున్న చోటును, బాంబులతో కొట్టాయి. ఇక రాకెట్లు నేల కింద చేద్దామనుకున్నారు. ఆగస్టు 28న, పదకొండు రోజుల్లోపే, బూకెన్‌వాల్డ్ క్యాంప్ నుంచి మొదటి 107 మంది ఖైదీలను ఇక్కడికి తెచ్చారు. నాన్న ఈ తేదీలు మ్యూజియం గోడ మీద చూసి, "పదకొండు రోజులేంది? మనకు ఒక షెడ్డు మార్చాలంటే ఫైలు కదలడానికే ఆర్నెల్లు" అన్నాడు. అప్పటికింకా ఆయన ప్రాజెక్టు కోణంలోనే చూస్తున్నాడు.

మేం ముందే చేరడం వల్ల టూర్‌కు ముప్పావు గంట పైనే టైముంది. ఆ టైము మ్యూజియంలో పెట్టడం మంచిదైంది. అక్కడ జర్మన్‌తో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది, నాన్న సొంతంగా చదువుకోగలిగాడు. లోపల చిన్న కెఫే ఉంది, బాత్‌రూమ్ ఇక్కడే కానిచ్చుకోవాలి, ఆ తర్వాత గంటన్నర దాకా కుదరదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

గైడ్ యాభై ఏళ్లు దాటిన ఆవిడ. నేను వెళ్లి, నాన్నకు జర్మన్ రాదు, వెనక నిలబడి మెల్లగా చెప్పుకోవచ్చా అని అడిగాను. తప్పకుండా అంది. అంతే కాదు, టూర్ మొత్తం ఒక్కో మాట చెప్పాక నా వైపు చూసి, నేను ముగించేదాకా ఆగేది. ఆ ఆగడం వల్ల మిగతా పాతిక మందీ తెలుగు వింటూ నిలబడేవాళ్లు. మొదట సిగ్గేసింది. తర్వాత ఆ ధ్యాసే పోయింది.

ముందు క్యాంప్ మైదానం. ఖైదీలను పొద్దునా సాయంత్రం నిలబెట్టి లెక్కపెట్టిన చోటు. బ్యారక్‌లు ఇప్పుడు దాదాపు లేవు, వాటి స్థానంలో చెట్లు పెరిగాయి. ఇక్కడ ఆవిడ మొత్తం లెక్క చెప్పింది. 1943 ఆగస్టు నుంచి 1945 ఏప్రిల్ దాకా, డోరా, దాని చుట్టూ ఉన్న నలభై దాకా చిన్న క్యాంపులు కలిపి సుమారు 60,000 మంది ఖైదీలు. సోవియట్ యూనియన్, పోలండ్, ఫ్రాన్స్ వాళ్లు ఎక్కువ. వాళ్లలో దాదాపు 20,000 మంది బతకలేదు. నాన్న, "ఎన్ని నెలలు?" అన్నాడు. చెప్పాను. వేళ్ల మీద లెక్కేశాడు, పైకి ఏమీ అనలేదు.

సొరంగం మొదట్లో ఇనుప గేటు. గైడ్ తాళం తీసి, తలలు లెక్కపెట్టుకుని, అందరూ లోపలికి వచ్చాక మళ్లీ వేసింది. యుద్ధం తర్వాత ముందు అమెరికన్లు, వాళ్ల వెనక సోవియట్లు పనికొచ్చేవన్నీ తీసుకుపోయారు. తర్వాత సోవియట్లు పాత ద్వారాలను పేల్చేశారు. ఇప్పుడు మనం వెళ్లేది 1988లో మొదలుపెట్టి కొత్తగా తవ్విన దారి. 1995 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. నాలుగడుగులు వేయగానే చలి చెవుల్లోకి దూరింది. ఫోన్ సిగ్నల్ పోయింది. తడి రాయి వాసన, దాని వెనకే తుప్పు వాసన.

ఇరుకుగా ఉంటుందని భయపడుతూ వెళ్లాను. లోపల అసలు సొరంగంలో అడుగు పెట్టాక నోరు తెరిచాను. రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. రైలు పట్టాలే లోపలికి వచ్చేవట. ఏ, బీ అని రెండు పెద్ద సొరంగాలు, ఒక్కోటి 1.8 కిలోమీటర్ల పైచిలుకు, కొండకు ఒక కొస నుంచి ఇంకో కొసకు. రెంటినీ కలుపుతూ నిచ్చెన మెట్లలాగా 46 అడ్డగదులు. అన్నీ కలిపితే 20 కిలోమీటర్ల దాకా. మనకు చూపించేది అందులో చిన్న ముక్కే. అందుకే ఇరుకు భయం ఉన్నవాళ్లు కూడా చాలామంది తట్టుకోగలరు. భయపెట్టేది వెడల్పు తక్కువై కాదు, లైట్లు ఆగిపోయిన చోటి నుంచి అవతల ఇంకా ఎంత ఉందో తెలుస్తూ ఉండటం.

నడవడానికి ఇనుప జాలీ వంతెన వేశారు. కింద కూలిన రాళ్లు, ఇంకా కింద నీళ్లు. భూగర్భ జలం పైకి వచ్చి కింది అంతస్తును ముంచేసింది. ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడున్న ఇనుప సామాను ఒక్కొక్కటీ కనబడుతుంది.

గైడ్ ఆగి ఒకవైపు చూపించింది. 43 నుంచి 46 దాకా ఉన్న గదుల్లో మొదటి చలికాలమంతా ఖైదీలను ఉంచారు. బయట బ్యారక్‌లు కట్టించడం కంటే ఫ్యాక్టరీ ముందు పూర్తవ్వాలి కాబట్టి, తవ్వేవాళ్లను తవ్విన చోటే పడుకోబెట్టారు. నాలుగంతస్తుల చెక్క బంకులు. రెండు షిఫ్టులు. ఒకళ్లు లేచి పోతే ఆ పక్క మీదకే ఇంకొకళ్లు. పక్క గదుల్లో రాత్రీ పగలూ డైనమైట్ పేలుళ్లు. తాగడానికి చాలినన్ని నీళ్లు లేవు, కడుక్కోవడానికి అసలే లేవు. పీపాలను సగానికి కోసి, పైన చెక్క వేస్తే అదే మరుగుదొడ్డి. కొందరు నెలల తరబడి సూర్యుణ్ణి చూడలేదు. ఆ చలికాలం అయ్యి వసంతం వచ్చేసరికి 3,000 మంది దాకా ఇక్కడే చనిపోయారు. ఇక పనికి రారనుకున్న ఇంకో 3,000 మందిని మైదానెక్, బెర్గెన్-బెల్సెన్ క్యాంపులకు పంపేశారు. 1943 డిసెంబర్‌లో ఆయుధాల మంత్రి ఆల్బర్ట్ ష్పేర్ స్వయంగా వచ్చి ఇదంతా చూసి వెళ్లాడు. పని వేగాన్ని మెచ్చుకున్నాడు.

ఇవన్నీ నేను తెలుగులో చెప్తున్నా. ముందే చదివి పెట్టుకున్నవే. అయినా మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది. నాన్న నా భుజం మీద చెయ్యేసి, "మెల్లగా చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నాడు.

ఇంకొంచెం ముందుకు పోయాక పక్కన తుప్పు పట్టిన ముక్కలు కుప్పగా ఉన్నాయి. గైడ్ ఇంకా నోరు తెరవకముందే నాన్న కమ్మీ మీద వంగి చూపుడు వేలు పెట్టాడు. ఫలానాది ట్యాంకు తొడుగు, ఫలానాది తోక రెక్క, ఆ రంధ్రాల వరస చూడు, అది ఫలానాది అని. అంత సేపట్లో ఆయన మొహంలో వెలుగు చూసింది అప్పుడే. గైడ్‌కు చెప్పాను, మా నాన్న రాకెట్ కేంద్రంలో పనిచేశాడని. ఆవిడ ఆసక్తిగా చూసింది. నాన్న నన్ను అడగమన్న ప్రశ్న ఇది: "వెల్డింగ్ ఎవరు చేసేవాళ్లు? చేశాక చెక్ చేసేది ఎవరు?"

చాలా మటుకు ఖైదీలే చేసేవాళ్లు, చెకింగ్‌లో కూడా ఖైదీలుండేవాళ్లు, పైన జర్మన్ ఇంజినీర్లు, ఫోర్‌మన్లు అంది. లోపం కనబడితే అది విద్రోహం కింద లెక్క. నిజంగా కావాలని చేసినవాళ్లూ ఉన్నారు, అలిసిపోయి చెయ్యి తప్పినవాళ్లూ ఉన్నారు, రెంటికీ తేడా ఎవరూ చూడలేదు. తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నేను నాన్నకు "అనుమానం వస్తే శిక్షించేవాళ్లంట" అని ఊరుకున్నా.

నాన్న కదల్లేదు. "ఆవిడ అంతసేపు చెప్పింది. నువ్వు ఒక ముక్కలో తేల్చేశావు. ఏం మింగావు?"

అప్పుడు చెప్పాను. 41వ గది చాలా ఎత్తయినది. రాకెట్‌ను నిలువుగా నిలబెట్టి పరీక్షించడానికి నేలను లోతుగా తవ్వి చేశారు. రాకెట్లను ఎత్తే క్రేన్ ఉంటుంది కదా, 1945 మొదట్లో అదే క్రేన్‌కు ఖైదీలను వరసగా ఉరేశారు. శవాలను వెంటనే దించలేదు. షిఫ్టు మారేవాళ్లు వాటి కిందుగా నడిచి పోవాల్సి వచ్చింది.

"ఓవర్‌హెడ్ క్రేనా?" అన్నాడు నాన్న.

అవునన్నాను. ఆయన పైకి, చీకట్లోకి చూశాడు. నిజానికి అక్కడి నుంచి ఆ గది కనబడదు. ఆయన పనిచేసిన చోట ఓవర్‌హెడ్ క్రేన్ కింద రోజూ నిలబడ్డవాడు. నాకు ఆ పోలిక అప్పటిదాకా తట్టలేదు.

కాసేపాగి ఇంకోటి అడగమన్నాడు. "జర్మన్ వర్కర్లు కూడా ఉండేవాళ్లు కదా? వాళ్లు?"

ఉండేవాళ్లు. వేల సంఖ్యలో. జీతం తీసుకునే మామూలు ఉద్యోగులు, ఇంజినీర్లు, టెక్నీషియన్లు.

"షిఫ్టు అయినాక ఇంటికి పోయేవాళ్లా?"

గైడ్ ఈ ప్రశ్న చాలాసార్లు విన్నట్టుంది, అయినా జవాబు నెమ్మదిగా చెప్పింది. పోయేవాళ్లు. భార్యాపిల్లలున్న ఇళ్లకు, అద్దె గదులకు. కొందరు ఖైదీలకు రహస్యంగా రొట్టె ముక్క ఇచ్చారు. కొందరు కొట్టారు. ఎక్కువ మంది వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. తెలుగులో చెప్పేసరికి నాన్న తలూపాడు. ఆ తర్వాత టూర్ అయ్యేదాకా ఆయన రాకెట్ ముక్కల వైపు వేలు చూపించలేదు.

గైడ్ చివర్లో చెప్పిన ఒక విషయం రాకెట్లంటే ఇష్టమున్నవాళ్లు వినాలి. ఇక్కడ తయారైన వీ-2లు సుమారు 6,000. 1944 సెప్టెంబర్ నుంచి లండన్, ఆంట్‌వర్ప్‌ల మీద పడ్డాయి. వాటి దెబ్బకు పోయిన ప్రాణాల కంటే, వాటిని తయారుచేసిన చోట పోయిన ప్రాణాలే ఎక్కువ. నాకు తెలిసి ఇంకే ఆయుధం గురించీ ఇలా చెప్పరు.

బయటికొచ్చాక ఎండ మీద పడితే కళ్లు మూసుకుపోయాయి. కళ్లద్దాలు పొగమంచు పట్టినట్టయి కాసేపు ఏమీ కనబడవు, మెట్టు దగ్గర జాగ్రత్త. టూర్ అక్కడితో అయిపోతుంది. కొంచెం ఎత్తు మీద దహనశాల ఉంది, అక్కడికి మనంతట మనమే వెళ్లొచ్చు. మొదట్లో ఇక్కడ పోయినవాళ్లను బూకెన్‌వాల్డ్‌కు తీసుకెళ్లి కాల్చేవాళ్లు, చావులు పెరిగాక ఇక్కడే కట్టారు. ఎత్తు కాబట్టి నాన్నను వద్దన్నాను. వినలేదు. ఆగి ఆగి ఎక్కాడు. లోపల నిమిషం కూడా లేడు. బయటికొచ్చి చెప్పులు విప్పి, సీసాలో నీళ్లతో కాళ్లు కడుక్కున్నాడు. శ్మశానం నుంచి వచ్చినప్పుడు మనం చేసేదే. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారని ఆపబోయి, ఊరుకున్నాను.

అమ్మ పులిహోర కట్టిచ్చింది. కెఫే బయట బల్లలున్నాయి, కానీ నాన్న డబ్బా తీయనివ్వలేదు. ట్రామ్ స్టాప్‌లో బెంచీ మీద తిన్నాం. తర్వాతి ట్రామ్‌కు ఇంకా అరగంట పైనే ఉంది. ఆకలి మాత్రం బాగా వేసింది, ఇద్దరం డబ్బా ఖాళీ చేశాం. తింటూ ఆయన, "వాళ్లకేం పెట్టేవాళ్లంట?" అన్నాడు. నీళ్ల సూప్, రొట్టె అన్నాను. మిగిలిన రెండు వేరుశనగ గింజలు కూడా ఏరుకుని తిన్నాడు.

ఆ రాత్రి అసలు గొడవ మొదలైంది. నాన్నకు షార్ రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుంది. చూసింది చూసినట్టు, తెలుగులో, చాలా పొడుగ్గా రాశాడు. ఒక పెదనాన్న వెంటనే ఫోన్ చేశాడు, రక్తసంబంధం లేదు గానీ నేనలాగే పిలుస్తాను. స్పీకర్‌లో పెట్టాడు నాన్న.

"ఏందబ్బయ్యా, ఫాన్ బ్రౌన్‌ను పట్టుకుని అట్లా రాశావే? చంద్రుడి మీదకు మనిషిని పంపింది ఆయన రాకెట్టే కదా?"

"పంపింది. కాదన్నానా?"

"ఆయన సైంటిస్టు. ఖైదీల సంగతి క్యాంపులు నడిపిన నాజీ ఎస్‌ఎస్ దళం వాళ్లది."

"ఆయనా ఎస్‌ఎస్‌లో ఆఫీసరే అన్నా. 1944 ఆగస్టు 15న ఆయన రాసిన లెటరుంది. బూకెన్‌వాల్డ్ పోయి, పనొచ్చిన ఖైదీలను చూసుకొచ్చానని రాశాడు. పాప చదివి చెప్పింది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మనకేం సంబంధం అబ్బయ్యా అది? మనది వేరే కథ" అన్నాడు పెదనాన్న.

ఆ మాట మీదే నేను లాప్‌టాప్ తీశాను. నాన్న నింపిన రెండో దశలో ఉండేది వికాస్ ఇంజిన్. అది ఫ్రాన్స్ వాళ్ల వైకింగ్ ఇంజిన్ నుంచి వచ్చిందని ఆయనకు తెలుసు. 1970ల్లో మన ఇంజినీర్లు ఫ్రాన్స్‌లో వెర్నాన్ వెళ్లి నేర్చుకొచ్చారు, ఆ పేర్లన్నీ నాన్నకు కంఠస్థం. యుద్ధం అయిపోయాక అదే వెర్నాన్‌కు ఫ్రెంచివాళ్లు జర్మన్ రాకెట్ ఇంజినీర్లను తీసుకెళ్లారు. వాళ్లలో పీనెముండెలో పనిచేసిన హైన్జ్ బ్రింగర్ ఒకడు. వైకింగ్ ఇంజిన్ వెనక ఉన్న ముఖ్యమైన వాళ్లలో ఆయనొకడు. ఇది చదివి వినిపించాను. అమ్మ వంటింట్లోంచి, "పడుకోండి ఇక" అంటోంది.

ఇంకోటి కూడా చదివాను. మనిషి చేసిన వస్తువుల్లో అంతరిక్షం అంచు దాటిన మొదటిది ఒక వీ-2. 1944 జూన్ 20న, 176 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. దాని నంబరు ఎండబ్ల్యూ 18014. ఎండబ్ల్యూ అంటే మిట్టెల్‌వెర్క్, అంటే మేం పొద్దున నిలబడ్డ ఆ ఫ్యాక్టరీ. నాన్న ఆ నంబరు నా చేత కాగితం మీద రాయించుకున్నాడు. గ్రూపులో పెడతానన్నాడు. పెట్టాడు కూడా. కొందరు దండం బొమ్మలు పెట్టారు, ఒకాయన "గుడ్ ఇన్ఫర్మేషన్ సార్" అన్నాడు, పెదనాన్న మాత్రం ఆర్థర్ రుడాల్ఫ్ గురించి అడిగాడు. చంద్రుడి మీదకు మనుషుల్ని పంపిన శాటర్న్ 5 రాకెట్ ప్రాజెక్టు నడిపినవాడు. ఆయన ఈ సొరంగంలో ఉత్పత్తి చూసుకున్నవాడేనని, అమెరికా న్యాయశాఖ విచారణ మొదలుపెట్టాక 1984లో పౌరసత్వం వదిలి వెళ్లిపోయాడని చెప్తే, "ఈ సంగతి నాకు తెలీదే" అని ఒప్పుకున్నాడు. ఫాన్ బ్రౌన్ దగ్గర మాత్రం ఆయన మెట్టు దిగలేదు. నాన్నా దిగలేదు. ఆ వాదన ఇప్పటికీ సాగుతోంది.

వెళ్లాలనుకునేవాళ్లు సోమవారం పెట్టుకోకండి, మూసేసి ఉంటుంది. వేసవిలో కూడా స్వెటర్, గట్టి బూట్లు ఉండాలి, జాలీ మీద సన్నటి చెప్పులతో కష్టం. చిన్నపిల్లలను తీసుకెళ్లొద్దని నా అభిప్రాయం. సొరంగం, మైదానం, మ్యూజియం, దహనశాల అన్నీ చూడాలంటే పూట పడుతుంది. ఆ సాయంత్రానికి వేరే ప్రోగ్రాం ఏదీ పెట్టుకోకండి.

నాన్నకు ఇప్పుడు ఎల్‌రిష్ కూడా చూడాలని ఉంది. డోరాకు అనుబంధంగా ఉన్న క్యాంపు, కొత్త సొరంగాలు తవ్వడానికి అక్కడి నుంచే ఖైదీలను తీసుకెళ్లేవాళ్లు, చావులు అక్కడ ఇంకా ఘోరం. నార్డ్‌హౌజెన్ నుంచి రైల్లో దగ్గరే, క్యాంపు ఉన్న చోటు స్టేషన్ పక్కనే. అమ్మ ఒప్పుకోలేదు. ఈసారి పారిస్ అంది, టికెట్లు కూడా బుక్ చేయించింది. పారిస్ నుంచి వెర్నాన్ ఎంత దూరమని నాన్న నన్ను పక్కకు పిలిచి అడిగాడు.